తూకానికి రాని సరుకు

తెల్లవారడానికి ఇంకా గంట ఉంది. అనకాపల్లి బెల్లం మార్కెట్ యార్డు గేటు దాటారో లేదో, ఎక్కడికొచ్చారో మీ ముక్కే చెప్పేస్తుంది. తీపి ఒక్కటే కాదు. పాకం అడుగంటినప్పటి చిరుచేదు, ఎండుగడ్డి, డీజిలు పొగ, ఎవరో ఆర్పి పడేసిన చుట్ట, అన్నీ కలిసిన వాసన. పుష్యమాసపు చలి. షెడ్డు కింద బల్బుల వెలుతురులో దిమ్మలు దించుతున్నారు. ఒక్కో దిమ్మా మనిషి రెండు చేతులా పట్టి పొట్టకి ఆనించుకుని ఎత్తాల్సినంత. "జరగండి బాబూ, జరగండి" అంటూ ఒక హమాలీ మీ భుజం రాసుకుంటూ వెళ్లిపోతాడు.

పాట మొదలవుతుంది. వర్తకుడు దిమ్మ ముందు వంగి గోటితో గీకి చూస్తాడు, చిటికెడు నోట్లో వేసుకుంటాడు, మొహంలో మాత్రం ఏమీ తేలనివ్వడు. బంగారు రంగుంటే మొదటి రకం, ముదిరితే రెండోది, ఇంకా ముదిరితే మూడోది. నల్లబెల్లం సంగతి వేరు. అది సారా బట్టీలకు పోతుందేమోనని ఎక్సైజు వాళ్ల కన్ను ఎప్పుడూ దానిమీదే. మీరు చూస్తుండగానే ధర తెగుతుంది, సరుకు కాటా ఎక్కుతుంది, గుమస్తా చీటీ రాస్తాడు. ఆ చీటీ ఒకసారి అడిగి తీసుకుని చూడండి. తూకం, ధర, కమీషను, హమాలీ కూలి. ఎవరి వాటా ఎంతో అంకెల్లో ఉంది. ఆ అంకెల మీద రైతుకీ వ్యాపారికీ పేచీలుంటాయి, ఎప్పుడూ ఉన్నాయి. పేచీ పెట్టుకోవడానికైనా కాగితమంటూ ఒకటుంది.

ఇవాళ మనం చూడబోయే సరుకుకి చీటీ లేదు. అది ఈ బెల్లంలోనే ఉంది గాని కాటాకి అందదు.

ఆటో ఎక్కండి. పట్నం దాటి శారద నది వంతెన మీదికి వచ్చేసరికి మంచు ఇంకా నీటిని వదల్లేదు. రోడ్డుకి రెండు పక్కలా చెరకు. ఒకప్పుడైతే ఇంకా చాలా ఉండేదని ఆటో అబ్బాయి అంటాడు. తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది, గోవాడ ఫ్యాక్టరీ కష్టాలు పేపర్లో వస్తూనే ఉంటాయి, చెరకు తీసేసి సరుగుడు వేసుకున్నవాళ్లూ ఉన్నారు. మిగిలిన తోటల్లో ఆకులు మెలేసి జడచుట్టు కట్టిన గడలు నిలబడి ఉన్నాయి. ఒక మలుపు దగ్గర పొగ కనిపిస్తుంది. అదే గానుగ.

కరెంటు మోటారు క్రషర్‌లోకి గడలు ఒకపక్క పోతుంటే ఇంకోపక్క నుంచి పిప్పి బయటికొస్తోంది. ఎండిన పిప్పినే పొయ్యిలోకి తోస్తున్నారు. పెద్ద పెనంలో రసం మరుగుతోంది. మీద తేలిన తెట్టుని ఒకాయన జల్లెడ గరిటెతో తీసి పక్కన పారేస్తున్నాడు. కాస్త సున్నం, బెండ మొక్కల జిగురు. రసం చిక్కబడి, రంగు మారి, పెద్ద పెద్ద బుడగలు లేచి, ఆ బుడగలు చిన్నవవుతాయి. ఆయన గరిటెతో కొంచెం పాకం తీసి చన్నీళ్లలో వేస్తాడు, వేళ్లతో ఉండ కడతాడు. ఉండ నిలిచింది. ఇంక ఆగకూడదు. ఇద్దరు పెనాన్ని వంచేస్తారు. ఆ వేడి మీ మొహానికి తగులుతుంది, వెనక్కి జరగండి.

"ఇది ఏ రకం చెరకండి?" అని అడిగి చూడండి.

"రెండొందల తొంభై ఎనిమిది బాబూ. ఈ మడి వరకూ అదే. అవతల కార్శి తోట నూట నలభై అయిదు."

ఆ అంకెలకి ముందు ఇంకొంచెం ఉంది. మొదటిది 87ఎ298, రెండోది 93ఎ145. ముందున్నవి సంవత్సరాలు. మధ్యనున్న 'ఎ' అనకాపల్లి. చివరిది దాని వరస సంఖ్య. పుస్తకాల్లో వీటికి విశ్వామిత్ర, శారద అని పేర్లున్నాయి. ఇవి పుట్టిన చోటు ఇక్కడికి దగ్గరే, 1913లో మొదలైన చెరకు పరిశోధన స్థానం. ఇప్పుడది ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంగా ఉంది. అక్కడికి మధ్యాహ్నం వెళ్దాం. ముందు నది గట్టుకి దిగండి.

గట్టు మీద మనిషెత్తు గడ్డి. తెల్ల కంకులు ఎండి గాలికి రాలుతున్నాయి. భాద్రపదంలో అయితే గట్టంతా తెల్లగా ఉండేది. రెల్లు. ఒక ఆకు లాగి చూడండి, అంచు కోసేస్తుంది. కాడ నమిలితే పీచు, పీచులో ఎక్కడో ఓ చిన్న తీపి. మీరు వంగి ఫోన్లో ఫోటో తీస్తుంటే మేకల్ని తోలుకుపోతున్న ముసలాయన ఆగుతాడు.

"ఏటి బాబూ, రెల్లు కాడ ఏటి చూస్తన్నారు?"

"చెరకుకి ఇది తాత వరస అవుతుంది తాతా."

ఆయన నవ్వేస్తాడు. "అలగైతే నాకు తమ్ముడు వరస."

సాగు చెరకు పుట్టిల్లు న్యూగినీ. లావుగా, రసంగా, తీయగా ఉండేది గాని తెగుళ్లకి తట్టుకోలేదు, చలికీ ఎండకీ అంతే. 1912లో కొయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం పెట్టాక సి.ఎ. బార్బర్, టి.ఎస్. వెంకట్రామన్ ఒక పని చేశారు. వెల్లై అనే లావు చెరకుని అక్కడ దొరికే రెల్లుతో కలిపారు. అందులోంచి వచ్చిందే కో 205. 1918లో పంజాబు పొలాలకి వెళ్లింది. అక్కడ అప్పటిదాకా సన్నపాటి దేశవాళీ చెరకే వేసేవారు. జావాలో డచ్చివాళ్లూ ఇదే దారి పట్టారు. ఆ తరవాత లోకంలో పేరున్న చెరకు రకం దాదాపు ప్రతిదానిలోనూ రెల్లు రక్తం ఉంది. ఇందాక మీరు చూసిన పాకంలోని తీపి న్యూగినీ నుంచి వచ్చింది. ఆ గడ ఎర్రకుళ్ళు, వరద, ఎండ దాటుకుని గానుగ దాకా రావడం వెనక రెల్లు పాలు చాలా ఉంది.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో కొయంబత్తూరు వాళ్లు ఒక పథకం పెట్టుకుని దేశమంతా తిరిగి రెల్లు దుబ్బులు ఏరుకొచ్చారు. దాని పేరు స్పాంటేనియం ఎక్స్‌పెడిషన్ స్కీమ్. తెచ్చిన ప్రతి దుబ్బుకీ ఎస్.ఇ.ఎస్. అని ముందు తగిలించి ఒక నంబరు వేశారు. అందులో ఒకటి ఎస్.ఇ.ఎస్. 208. ఏళ్లు గడిచాక అది సముద్రం దాటింది. దాని పుప్పొడి కోశాల నుంచి ప్రయోగశాలలో క్రోమోజోములు సగమే ఉన్న ఒక మొక్కని పెంచారు. ఆ మొక్క జీనోమ్‌ని చైనాలోని ఫుజియాన్ వ్యవసాయ, అటవీ విశ్వవిద్యాలయం వాళ్ల నాయకత్వంలో చదివి 2018లో 'నేచర్ జెనెటిక్స్'లో ప్రకటించారు. రెల్లు జాతికి అంత వివరంగా తయారైన మొదటి పటం అదే.

ఫోన్ చేతిలోనే ఉంది కదా. గట్టు మీద సిగ్నల్ బాగానే వస్తుంది. జన్యుక్రమాలు దాచే జెన్‌బ్యాంక్ తెరిచి రెల్లు శాస్త్రీయ నామం కొట్టండి, శాకరం స్పాంటేనియం. వచ్చింది. ఎ, సి, జి, టి. ఆ నాలుగక్షరాలే, మూడు వందల కోట్లకు పైగా, వరసగా. పేరు అడగలేదు, డబ్బు అడగలేదు, ఎందుకని అడగలేదు. ఇదే సరుకు. ఇది అమెరికాలోని మేరీల్యాండ్‌లో ఒక ప్రభుత్వ సంస్థ కంప్యూటర్లలో ఉంది, ఇదే ప్రతి ఇంగ్లండులోని హింక్స్‌టన్‌లోనూ జపాన్‌లోని మిషిమాలోనూ ఉంటుంది. మీ దగ్గర కాపీ ఉండటానికి శారద గట్టు దాకా రావాల్సిన అవసరం కూడా లేదు.

ముసలాయన మీ భుజం మీంచి తొంగి చూస్తాడు. "ఇందులో రెల్లేదీ?" అంటాడు. న్యాయమైన ప్రశ్నే. ముప్పై ఏళ్లుగా దేశాలన్నీ తగవు పడుతున్నది ఇంచుమించు దీని గురించే.

1992లో రియోలో కుదిరిన జీవవైవిధ్య ఒప్పందం ఒక పాత అలవాటుని మార్చింది. అంతకుముందు మొక్కా విత్తనమూ లోకమంతటి సొత్తు, ఎవడు పట్టుకుపోతే వాడిది. ఒప్పందం వచ్చాక ఏ దేశంలో ఉన్నది ఆ దేశానిది, తీసుకెళ్లాలంటే అడగాలి, లాభమొస్తే పంచాలి. 2010లో నగోయా ప్రోటోకాల్ దాన్ని పద్ధతిలో పెట్టింది. మన దేశం 2002లోనే చట్టం చేసుకుని చెన్నైలో జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థని పెట్టింది. చట్టం పనిచేసిన ఉదాహరణ తెలుగునాటే ఉంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అమరచింత వేపాకు. హైదరాబాదులోని ఒక కంపెనీ రెండు వేల కిలోల ఎండు వేపాకు జపాన్‌కి ఎగుమతి చేసి, వాటాగా 55 వేల రూపాయల పైచిలుకు కట్టింది. అందులో కొంత అమరచింత కమిటీకి చేరింది, వేప మొక్కలు నాటడానికి. పెద్ద మొత్తం కాదు. కాని ఆకు తూగింది, ఓడరేవులో లెక్క తేలింది, చీటీ రాశారు.

అదే వేపచెట్టు జన్యుక్రమం ఎవరైనా జెన్‌బ్యాంకులోంచి దించుకుని, పనికొచ్చే ఒక జన్యువుని ప్రయోగశాలలో అక్షరం అక్షరం పేర్చుకుని తయారు చేసుకుంటే? ఓడరేవు లేదు, కాటా లేదు. ఆకు ఎవరూ ముట్టుకోలేదు. ఎబోలాలో జరిగింది అదే. 2014లో గినీలో సోకిన వైరస్ క్రమాన్ని జర్మన్ పరిశోధనశాల ఒకటి అందరికీ అందుబాటులో పెట్టింది. రెజెనెరాన్ కంపెనీ దాన్ని వాడుకుని మందు చేసింది, 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది. మందు మంచిదే, ప్రాణాలు కాపాడుతుంది. గినీకి ఏం దక్కిందంటే చెప్పడానికి చీటీ లేదు.

ఇంకో మెలిక ఉంది, అది మన రెల్లుకే సంబంధించింది. రియో ఒప్పందం అమల్లోకి వచ్చింది 1993 డిసెంబరు 29న. దానికి వెనక జరిగినవాటిని అది తవ్వదు. ఎస్.ఇ.ఎస్. 208 అంతకు ముందే దేశం దాటింది. పాత లెక్కలో దాని మీద మనకి పైసా హక్కు లేదు. దొంగతనమూ కాదు. అప్పటి రివాజే అది, కొయంబత్తూరు వాళ్లు కూడా న్యూగినీ నుంచీ జావా నుంచీ వచ్చిన చెరకులు వాడుకున్నారు. కేరళలో కన్నూరు దగ్గర మన దేశం పోషిస్తున్న చెరకు రకాల సేకరణలో ఎన్ని దేశాల దుబ్బులున్నాయో చూస్తే, ఇచ్చినవాళ్లం మనమొక్కళ్లమే అనే మాట నోట రాదు.

ఎండ ఎక్కింది. పరిశోధన స్థానానికి వెళ్దాం పదండి.

లోపలికి వెళ్లగానే వరసలు. ప్రతి వరస మొదట్లో చిన్న రేకు ముక్క మీద నంబరు. ఈ ప్రాంతంలో చెరకు పూత మీద ఆధారపడి సంకరం చేయడం కష్టం, అందుకని కొయంబత్తూరులోని జాతీయ సంకరణ తోటలో కలిపి, అక్కడి నుంచి దూది లాంటి సన్నటి విత్తనం తెస్తారు. ఇక్కడ మొలకెత్తించి వేల మొలకల్లోంచి ఏరుకుంటూ వస్తారు. మొదటి ఏడు చూపుకి బాగున్నవి ఉంటాయి, తక్కినవి పోతాయి. తరవాత రసం తీపి చూస్తారు. తరవాత ఎర్రకుళ్ళు శిలీంధ్రాన్ని కావాలనే గడకి ఎక్కిస్తారు, ఎర్రబడిందా పోయింది. కోసిన మోళ్ల నుంచి మళ్లీ లేచే కార్శి తోట నిలవాలి. ఇక్కడి రైతు చక్కెర ఫ్యాక్టరీకే కాదు, గానుగకీ వేస్తాడు కాబట్టి బెల్లం రంగు కూడా రావాలి. పదేళ్లు, పన్నెండేళ్లు పడుతుంది. అయినా చాలావరకు రకాలు మధ్యలోనే రాలిపోతాయి.

ఇలాంటి చోట పనిచేసేవాళ్లని ఆ అక్షరాల తగవు గురించి అడిగితే కొంచెం ఇబ్బంది పడతారు. ఎందుకంటే అవి వాళ్లకీ కావాలి. చెరకు జీనోమ్ మహా చిక్కుముడి. మనకి 46 క్రోమోజోములైతే సాగు చెరకుకి నూటికి పైన. రీయూనియన్ ద్వీపానికి చెందిన ఆర్570 అనే రకాన్ని చదివి 2024 మార్చిలో 'నేచర్'లో ప్రకటించారు. దానికి 114 క్రోమోజోములు, జీనోమ్ పరిమాణం వెయ్యి కోట్ల అక్షరాల దాకా. గోధుమ రంగు తుప్పు తెగులుని తట్టుకునే శక్తి దానిలో ఎక్కడుందో గుర్తించారు. ఇలాంటి పటం తెరిచి ఉంటే మొలక దశలోనే ఆకు ముక్క తీసి ఏది నిలుస్తుందో కొంత ఊహించొచ్చు, పదేళ్ల పని కొంత తగ్గించొచ్చు. అది మూసేస్తే, లేదా ప్రతి అక్షరానికీ అనుమతి కాగితం అడిగితే, ముందు దెబ్బ తినేది పెద్ద కంపెనీ కాదు. దానికి వకీళ్లున్నారు. దెబ్బ తినేది ఇక్కడ ఈ రేకు ముక్కల మధ్య పనిచేసే స్థానం. అందుకే 'మన జన్యుక్రమం మనకే' అనే నినాదం వినడానికి బాగున్నా నాకు నచ్చదు.

తెరిచి ఉంచుతూనే పంచేది ఎలా? ఆ ప్రశ్నకి కొంత జవాబు దొరికిన చోటికి ఇప్పుడు వెళ్దాం. దానికి టిక్కెట్టు అక్కర్లేదు. కొలంబియాలో కాలీ నగరం, 2024 నవంబరు 1 రాత్రి.

పెద్ద హాలు. పదహారో జీవవైవిధ్య సదస్సుకి ఆఖరి రాత్రి అది, అర్ధరాత్రి దాటినా తెమలడం లేదు. అధ్యక్షస్థానంలో కొలంబియా పర్యావరణ మంత్రి సుసానా మొహమ్మద్. బల్లల మీద దేశాల పేర్ల పలకలు, వాటి వెనక కోటు కప్పుకుని కునికే ప్రతినిధులు. కొందరి విమానాల వేళయింది, సూట్‌కేసులు పక్కనే ఉన్నాయి. వాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోతున్నారు, ఎక్కువగా పేద దేశాలవాళ్లు, టిక్కెట్లు మార్చుకునే స్తోమత లేనివాళ్లు. అక్కడ రాత్రి గడుస్తుంటే అనకాపల్లిలో కార్తీక పాడ్యమి పగలు. శనివారం ఉదయానికి హాలులో తగినంత మంది లేక సదస్సు వాయిదా పడింది. కాని అంతకుముందే సుత్తి దెబ్బ పడిన తీర్మానాల్లో ఒకటి మనది. దాని నంబరు 16/2.

అందులో ఏముందంటే, జన్యుక్రమ సమాచారాన్ని వాడుకుని లాభపడే రంగాల్లోని పెద్ద కంపెనీలు ఒక ఉమ్మడి నిధికి చందా ఇవ్వాలి. మందులు, సౌందర్య సాధనాలు, విత్తనాలు, పశు ప్రజననం, బయోటెక్నాలజీ, కృత్రిమ మేధ సేవలు కూడా. ఆస్తులు 2 కోట్ల డాలర్లు, అమ్మకాలు 5 కోట్ల డాలర్లు, లాభం 50 లక్షల డాలర్లు, ఈ మూడింట్లో రెండు దాటితే పెద్ద కంపెనీ కింద లెక్క. అలాంటివి లాభంలో నూటికి ఒకటి గాని, ఆదాయంలో వెయ్యికి ఒకటి గాని ఇవ్వాలి. వేళ్ల మీద లెక్కేసి చూడండి. సరిగ్గా గీత మీదున్న కంపెనీకి ఎటు చూసినా 50 వేల డాలర్లే, మన డబ్బులో నలభై లక్షల పైచిలుకు. విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ పరిశోధన సంస్థలు ఇవ్వక్కర్లేదు, అంటే ఇందాకటి స్థానానికి బెంగ లేదు. వచ్చిన సొమ్ములో కనీసం సగం మూలవాసులకీ స్థానిక సముదాయాలకీ. నిధి పేరు కాలీ ఫండ్. 2025 ఫిబ్రవరి 25న రోములో, ఆగిపోయిన సదస్సు మళ్లీ కూర్చున్నప్పుడు, దాన్ని లాంఛనంగా ప్రారంభించారు.

ఇందులో తెలివైన సంగతి చాలామంది గమనించలేదు. ఏ కంపెనీ ఏ మొక్క అక్షరాలు వాడింది, ఆ మొక్క ఏ దేశానిది, ఎప్పుడు సరిహద్దు దాటింది, ఇవేవీ అడగదు. కంపెనీ ఎంత సంపాదించిందో అదే అడుగుతుంది. దీన్ని తప్పుపట్టే మనవాళ్లున్నారు, మన రెల్లు పేరు చెరిపేశారని. నేనయితే తిరగేసి చూస్తాను. మొక్క వెంట పడి చీటీ రాయాలంటే ఎస్.ఇ.ఎస్. 208 ఎప్పుడో చెయ్యి దాటిపోయింది. ఒక మందులోనో విత్తనంలోనో ఎన్ని మొక్కల అక్షరాలు కలిశాయో వాడినవాళ్లే చెప్పలేరు. కొత్తగా జమచేసే క్రమాలకి ఎక్కడ సేకరించారో రాయాలని జెన్‌బ్యాంక్ లాంటి కొట్లు ఇటీవల నియమం పెట్టుకున్నాయి గాని, దేశం పేరు రాస్తే చాలు, నది పేరు అక్కర్లేదు. అందుకని మొత్తం పాట సొమ్ములో ఇంత అని ముందే తీసేయడమే మేలు. మార్కెట్ సెస్సు కూడా ఏ తోట గడ ఏ దిమ్మలోకి పోయిందని అడగదు కదా.

చిక్కు ఎక్కడంటే, సెస్సు కట్టకపోతే యార్డు గేటు దాటనివ్వరు. కాలీ నిధికి గేటు లేదు. కట్టాలి అన్నారు, కట్టకపోతే ఏం చేస్తారో అనలేదు. ప్రతి దేశం తన చట్టంలో రాసుకుంటేనే దానికి పళ్లొస్తాయి. పైగా ఆ అక్షరాల కొట్టు పెద్దది ఉన్న అమెరికా ఈ ఒప్పందంలో సభ్యురాలే కాదు. 1993లో సంతకం పెట్టింది, ఇప్పటికీ ఆమోదించలేదు. పెద్ద మందుల కంపెనీలు, విత్తన కంపెనీలు ఎక్కువ ఉన్నచోటే గేటు లేకపోతే సెస్సు ఎవరిస్తారు, పుణ్యం కోరినవాళ్లు తప్ప?

భోజనాల వేళ దాటిపోయింది. స్టేషన్ రోడ్డులో ఎక్కడైనా కూర్చుని తినండి, ఈలోగా ఢిల్లీ సంగతి చెప్పేస్తాను. మన ప్రభుత్వం కాలీ కోసం కాచుక్కూర్చోలేదు. 2025 ఏప్రిల్ 29న వాటాల పంపకం మీద కొత్త నిబంధనలు తెచ్చి, అందులో ఈ డిజిటల్ క్రమ సమాచారాన్ని కూడా చేర్చింది. ఏడాది టర్నోవరు 5 కోట్ల రూపాయల దాకా ఉంటే ఏమీ ఇవ్వక్కర్లేదు. ఆపైన 50 కోట్ల దాకా నూటికి 20 పైసలు, 250 కోట్ల దాకా 40 పైసలు, అది దాటితే 60 పైసలు. గేటు పెట్టారు, బాగుంది. కాని అది మన గేటు. ఫుజియాన్‌లోనో బాస్టన్‌లోనో కూర్చుని దించుకునేవాడు దీన్ని దాటాల్సిన పనే లేదు, మన ఊళ్లో ఉన్న కంపెనీయే దాటాలి. ఒకే అక్షరాలకి ఇక్కడొక వాటా, కాలీలో ఇంకో వాటా అడిగితే రెండింటినీ ఎగ్గొట్టే దారులు వెతుకుతారని నా భయం.

చెరకు రైతుకి ఇందులో భయపడాల్సింది లేదు. బెల్లం లాంటి మామూలు సరుకు అమ్ముకోవడానికీ, సాగుదార్లకీ, నాటువైద్యులకీ మన చట్టంలో మినహాయింపులున్నాయి. ఆహార పంటల కోసం 2001లో కుదిరిన ఇంకో అంతర్జాతీయ ఒప్పందం ఉంది. అందులో వరి, గోధుమ వంటి పంటల విత్తనాలు దేశాలు సులువుగా మార్చుకోవడానికి ఒక జాబితా రాసుకున్నారు. చెరకు ఆ జాబితాలో లేదు. వేరుశనగ కూడా లేదు. అందుకని చెరకు తగవు నేరుగా రియో, నగోయా, కాలీ దారిలోకే వస్తుంది.

తిన్నారా? ఇంక ఒక్క చోటు మిగిలింది. సాయంత్రం నాలుగవుతోంది, గట్టు పక్క ఊరి సచివాలయం మూసేలోగా వెళ్లాలి.

చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఊరి చెట్టూ పుట్టా రాసిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి, వాటాల సొమ్ము పడటానికి స్థానిక జీవవైవిధ్య నిధి ఉండాలి. 2020 జనవరి నెలాఖరులోగా పూర్తి చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టేసరికి దేశమంతా హడావుడిగా రిజిస్టర్లు తయారయ్యాయి. హడావుడిగా రాసింది ఎలా ఉంటుందో అలాగే ఉన్నాయి చాలా.

సెక్రటరీ గారు బీరువా తెరిచి వెతుకుతారు. పింఛన్ల ఫైళ్ల కింద దొరుకుతుంది. మీరు పేజీలు తిప్పండి. పంటలు, పండ్ల చెట్లు, మందు మొక్కలు, చేపలు. రెల్లు ఉంది, ఒక్క వరసలో. కప్పుకీ, చీపుళ్లకీ, మేతకీ పనికొస్తుందని రాశారు. చెరకు ఉంది, నంబర్లు లేవు. కొయంబత్తూరు లేదు, ఎస్.ఇ.ఎస్. లేదు. ఉండాలని నేను పట్టుబట్టను, కాలీ పద్ధతిలో అవి అవసరం లేదు కూడా.

"ఇందులో రెల్లుకి డబ్బులొస్తాయాండీ?" సెక్రటరీ గారు నవ్వుతూనే అడుగుతారు.

రావచ్చు, కంపెనీలు కడితే. కట్టింది దేశానికి చేరితే. దేశాలు ఏ సూత్రంతో పంచుకోవాలన్నది ఇంకా తేలాల్సి ఉంది. 2026లో ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో జరిగే పదిహేడో సదస్సు ముందు ఇలాంటి పని చాలా ఉంది. తేలాక కూడా, సగం సొమ్ము స్థానిక సముదాయాలకి అన్నప్పుడు ఈ జిల్లాలో ఆ మాటకి ఎవరు సరిపోతారు? శారద గట్టు రైతా? మేకల ముసలాయనా? లేక పైన దేవరాపల్లి, రావికమతం, రోలుగుంట కొండల కింద ఉంటూ, తమ ఊళ్లని అయిదో షెడ్యూల్లో కలపమని ఏళ్ల తరబడి అడుగుతున్న గిరిజనులా? కాలీ తీర్మానం దీన్ని ఆయా దేశాల పరిస్థితులకే వదిలేసింది. ఆ పరిస్థితులంటే చివరికి ఇలాంటి గదులే. అందుకని మీరు అడగాల్సిన ప్రశ్న సెక్రటరీ గారు అడిగినది కాదు.

"కమిటీకి బ్యాంకు ఖాతా ఉందాండీ?"

"ఉందండీ. పెట్టించాం. పాత సెక్రటరీ గారు, అప్పటి ప్రెసిడెంటు గారు, ఇద్దరి సంతకాల మీద ఉంది. మార్పించాలి."